ఆటలాడే అక్షరాలు

అక్షరాలకు కూడా ముఖము ఉంటుందని ఎప్పుడైనా గమనించారా? వాచకంలోని అక్షరం తల దువ్వుకొని బడికి వచ్చిన పిల్లవానిలా నిలబడుతుంది. శుభలేఖ మీది అక్షరం వంకీలు తిరిగి నవ్వుతుంది.

చేతితో రాసినట్లుండే అచ్చు అక్షరాలు మనకు కొత్త కాదు. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో కన్నుమూసిన చిత్రకారులు బాపుగారి చేతిరాతను తెలుగువారు చూడగానే పోల్చుకుంటారు. పుస్తకాల అట్టలమీద కనిపించిన ఆ దస్తూరి తరువాత కంప్యూటరు ఫాంటుగా కూడా వచ్చింది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఫాంటులలో ‘లక్కిరెడ్డి’ కూడా చేతిరాత పోలికదే. శీర్షికలకు, ఆహ్వానాలకు, గోడపత్రికలకు ఉద్దేశించినది. పెద్ద సైజులోనే దాని అందం తెలుస్తుంది. ఇది యూనికోడ్ ఫాంటు గనుక ఫోనులో టైపు చేసిన మాటలను అలాగే ఇందులోకి మార్చుకోవచ్చు.

ఒక వేసవిలో మా పినపాకలో పిల్లల బైబిలు తరగతులకు ఫ్లెక్సీ వేయించాము. పిల్లలకు నచ్చాలని పేరు మొదలు వేళల వరకు అంతా గెంతులేసే అక్షరాలలోనే పెట్టించాను. పిల్లలు మురిసిపోయారు. కాని వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్న ఒక కోయ తల్లి ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడి, “అయ్యగారూ, నేర్చుకున్న చదువు నాకు మరుపొచ్చినట్టుంది” అన్నది. నా మనస్సు చివుక్కుమన్నది. మరచిపోయినది ఆమె కాదు, ఆమె వంటివారున్నారని మరచినది నేను.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత చూచుకున్నాను. ‘ప’కు తలకట్టు విడిగా నిలుస్తుంది, ‘వ’కు అతుక్కుంటుంది. ‘ద’ క్రింద చిన్న గీత చేరితే ‘ధ’ అవుతుంది. అక్షరం అల్లరి చేసేటప్పుడు ఈ చిన్న గుర్తులే ముందు చెదిరిపోతాయి. చదువులో చేయి తిరిగినవారు మాటను బట్టి ఊహించుకుంటారు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునేవారికి ఆ గీతే ఆధారం. పైగా సైజు తగ్గించి వరుసలు దగ్గర చేస్తే పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను తాకుతాయి.

అందుచేత ఇప్పుడు ఈ జాగ్రత్తలు పాటిస్తున్నాము. ఆటలాడే అక్షరాలు శీర్షికకు మాత్రమే, అదీ రెండు మూడు మాటలకు. తేదీ, వేళ, స్థలము, వాక్యము మామూలు అక్షరాలలో. స్థలం చాలలేదని అక్షరాన్ని అటూ ఇటూ నొక్కము, మాటలే తగ్గిస్తాము. ఆదివార బడికి, పుట్టినరోజుకు, క్రిస్మసు కార్డుకు ఈ అక్షరాలు ఎంతో ముచ్చట. సంతాప పత్రికకు, సమాధి రాతికి తగవు. దుఃఖంలో ఉన్న ఇంటిముందు గంతులు వేయము కదా! అచ్చుకు ఇచ్చేముందు నమూనాను క్రొత్తగా చదువు నేర్చినవారి చేత చదివిస్తాము.

మరుసటి యేడు ఆ తల్లే ఫ్లెక్సీ ముందు నిలిచి, వేలితో చూపుతూ వేళలన్నీ మనుమరాలికి చదివి వినిపించింది. పైన పెద్ద అక్షరాలు ఎప్పటిలాగే గెంతుతున్నాయి. దర్శనమును పలకలమీద తేటగా వ్రాయమని హబక్కూకు ప్రవక్తకు వచ్చిన ఆజ్ఞ నాకు ఆనాడు గుర్తుకు వచ్చింది. మీ సంఘములో ఈసారి ప్రకటన వ్రాసేవారు ఎవరైనా సరే, ముందుగా అటువంటి ఒక తల్లిని తలచుకోండి.