నాయనమ్మ పోయిన తేదీ ఎక్కడుంది?

"మీ అమ్మగారి డెత్ సర్టిఫికెట్ ఏదండీ?"

తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా అడిగిన ఆ ప్రశ్నకి నాన్న నా వైపు చూశారు. నేను నాన్న వైపు చూశాను. నాయనమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర ఇప్పటికీ ఆవిడ పేరనే ఉంది. తామంతా బతికుండగానే దాన్ని సర్దేసుకుందామని నాన్న, ఇద్దరు మేనత్తలు అనుకున్నారు. ఆవిడ పోయిందని ఊరందరికీ తెలుసు. ఏటా తద్దినం పెడుతూనే ఉన్నాం. కాగితాల లెక్కలో మాత్రం ఆవిడ ఇంకా బతికే ఉంది.

మా ఊరి పంచాయతీలో అడిగితే "ఆ సంవత్సరం పుస్తకంలో లేదండీ" అన్నారు. "అసలు ఏ సంవత్సరం?" అని అడిగితే మా దగ్గరా సరైన జవాబు లేదు.

పాత మరణాల రికార్డు కోసం తిరిగేవాళ్ళు మన పల్లెల్లో ఎంతోమంది. పొలం పేరు మార్పిడికో, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికో, వారసత్వం కేసుకో ఆ కాగితం కావాలి. ఆరు నెలలు మేం తిరిగాక తెలిసిందేమిటంటే, చాలాసార్లు రికార్డు లేకపోవడం కాదు, మనం వెతికే చోటే తప్పు.

తద్దినమే మొదటి ఆధారం

ముందు కావాల్సింది తేదీ. మన ఇళ్ళల్లో పెద్దలు పోయిన తేదీ ఇంగ్లిషు కేలండర్లో గుర్తుండదు, తిథిలో గుర్తుంటుంది. మాసం, పక్షం, తిథి తద్దినం పెట్టే పురోహితుడికి కూడా కంఠతా వచ్చు. తెలియాల్సింది సంవత్సరమే.

దానికి ఊరి జ్ఞాపకాలు పనికొస్తాయి. "ఉప్పెన ముందా, తర్వాతా?" "రామారావు ముఖ్యమంత్రి అయ్యాడా అప్పటికి?" "ఇందిరాగాంధీ ఉందా?" ఇలా అడగాలి. తెలంగాణలో అయితే "పోలీసు యాక్షన్‌కి ముందా?" అని అడిగితే చాలు, 1948కి అటో ఇటో తేలిపోతుంది.

మా పెద్దత్తయ్య చెప్పిన గుర్తు ఇది: "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే. సంక్రాంతి వెళ్ళిపోయింది, శివరాత్రి ఇంకా రాలేదు." ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అది పింగళ నామ సంవత్సరం. మేం తద్దినం పెట్టేది మాఘ బహుళ తదియ నాడు. పాత పంచాంగం తిరగేస్తే ఆ తిథి 1978 ఫిబ్రవరి చివరి వారంలో పడింది. యాభై పుస్తకాలు వెతకాల్సిన పని ఒక్క పుస్తకానికి, అందులో నాలుగైదు పేజీలకి దిగింది.

సంవత్సరం పేరు తెలిస్తే మరీ సులువు. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై పేర్లూ వరసగా తిరుగుతాయి కాబట్టి ఒక మనిషి జీవితకాలంలో పొరబడే అవకాశం తక్కువ. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ 1358 అంటే 1948-49.

పోయింది ఏ ఊళ్ళో?

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. నాయనమ్మది ఏ ఊరు అని ఆలోచించాం గానీ, ఏ ఊళ్ళో పోయింది అని ఆలోచించలేదు. చట్టం ప్రకారం మరణం నమోదయ్యేది ప్రాణం పోయిన చోట. సొంతూళ్ళో కాదు, దహనం చేసిన చోట కూడా కాదు. పల్లెటూరి మనిషి గుంటూరు ఆస్పత్రిలో పోతే రికార్డు గుంటూరులో ఉంటుంది. కూతురింట్లో పోతే కూతురి ఊళ్ళో ఉంటుంది.

నాయనమ్మ ఒంట్లో బాగాలేక నెల్లాళ్ళు ఉండొద్దామని పుట్టింటికి వెళ్ళింది. అక్కడే పోయింది. బండి కట్టుకుని మా ఊరికి తెచ్చి దహనం చేశారు. అందుకే అందరం మా ఊరి పుస్తకమే పట్టుకుని వేలాడాం.

ఊరు తెలిశాక అప్పట్లో ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండేదో చూడాలి. ఇప్పుడు పల్లెల్లో ఈ పని పంచాయతీ కార్యదర్శిది. 1984కి ముందు ఆంధ్ర ప్రాంతంలో మునసబు, తెలంగాణలో పోలీసు పటేలు చూసేవాళ్ళు. ఆ ఏడాది ఆ వ్యవస్థ రద్దయ్యాక పుస్తకాలు కొన్ని పంచాయతీకి, కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని చెదల పాలయ్యాయి. 1985లో మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. కృష్ణా జిల్లాలో ఉండే నూజివీడు, కైకలూరు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. కాబట్టి అడిగేటప్పుడు ఇప్పటి మండలం పేరుతో పాటు పాత తాలూకా పేరు కూడా చెప్పండి.

పేరు విషయంలోనూ జాగ్రత్త. ఇంట్లో బుల్లెమ్మ, దస్తావేజులో వెంకటసుబ్బమ్మ, మరణాల పుస్తకంలో సుబ్బమ్మ! ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. పేరుతో దొరక్కపోతే భర్త పేరుతో, అదీ కాకపోతే తండ్రి పేరుతో చూడమనండి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం రుసుము కట్టి రికార్డు వెతికించుకునే హక్కు ఎవరికైనా ఉంది. ఇచ్చే నకలులో మరణానికి కారణం మాత్రం చూపించరు.

పేపర్లో పడిందా?

మరణవార్తలు, శ్రద్ధాంజలి ప్రకటనలు కూడా మంచి ఆధారమే. కాకపోతే పాతరోజుల్లో పల్లెటూరి మనిషి పోతే పేపర్లో పడటం అరుదు. ఊరి పెద్దో, స్వాతంత్ర్య సమరయోధుడో, బడిపంతులో అయితే వెతకొచ్చు. జిల్లా అనుబంధాలు వచ్చాకే చిన్న ఊళ్ళ చావుకబుర్లు ఎక్కువగా అచ్చయ్యాయి. అంతకుముందు వాటికి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలే దిక్కు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల సంచికలు భద్రంగా ఉన్నాయి. ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక పాత సంచికల్ని డిజిటల్‌గా మార్చింది.

ఇంకా వెతకాల్సిన చోట్లున్నాయి. క్రైస్తవ కుటుంబమైతే చర్చిలో సమాధుల రిజిస్టరు, సమాధి మీద రాయి చూడాలి. గయ, కాశీ వెళ్ళి పిండం పెట్టి ఉంటే అక్కడి పండాల వహీలు చూడాలి. ఇంట్లో అయితే కర్మకాండల కార్డు, చదివింపుల పుస్తకం, ఫొటో వెనక రాత చూడాలి. ఇవి సర్టిఫికెట్‌కి బదులు కావు. తేదీ పట్టుకోవడానికి, అధికారి ముందు పెట్టడానికి పనికొస్తాయి.

ఎక్కడా లేకపోతే?

అప్పుడు కూడా దారి ఉంది. ముందు "మా రికార్డులో లేదు" అని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటతో వెనక్కి రావద్దు. ఏడాది దాటిన మరణాన్ని ఆలస్యంగా నమోదు చేయించాలంటే పైఅధికారి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, కలెక్టర్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ విచారించి ఉత్తర్వు ఇస్తారు. మామూలు మాటల్లో ఆర్డీవో ఆఫీసు. ఊళ్ళో పెద్దవాళ్ళ వాంగ్మూలాలు అక్కడ పనికొస్తాయి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే ఆ పని కానివ్వాలి.

ఇక ఇప్పటి మరణాల సంగతి. 21 రోజుల్లోపు చెబితే చాలు, ఏ రుసుమూ లేదు. దినకర్మల హడావిడిలో మరిచిపోతారు. ఇంట్లో ఒక్కరికి ఆ పని అప్పజెప్పండి.

మావయ్య వేలిముద్ర

మాకు ఒకటే చోటు మిగిలింది, నాయనమ్మ పుట్టిల్లు. అక్కడికే నాన్న వెళ్ళనన్నారు. "అక్క పోయింది, మా పొలం మాకిచ్చెయ్యండి" అని ఆవిడ తమ్ముడు అడిగిన నాటి నుంచి రెండు ఇళ్ళ మధ్యా మాటల్లేవు. ఆ తమ్ముడూ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అసలు అక్క చావుకి ఏడవనే లేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

చివరికి చిన్నత్తయ్య పోరగా పోరగా నాన్న బయల్దేరారు. పంచాయతీలో లేదు. పాత తాలూకా కాగితాలున్న గదిలో, అట్ట ఊడిపోయిన 1978 పుస్తకంలో దొరికింది. నాయనమ్మ పేరు, భర్త పేరు, వయసు 52, ఫిబ్రవరి చివరి వారంలో తేదీ. చివరి గడిలో కబురు చెప్పిన మనిషి పేరు. మృతురాలికి తమ్ముడు. పక్కన నిశానీ, నల్లటి వేలిముద్ర. రాసిన తేదీ నాయనమ్మ పోయిన మర్నాడే.

నాన్న ఆ వేలిముద్ర మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. "మావయ్య వెళ్ళి రాయించాడ్రా" అన్నారు.

నకలు చేతికి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం నాన్న నేరుగా బస్టాండుకి నడవలేదు. మావయ్య కొడుకు ఇల్లు ఎక్కడో దారిలో ఒకరిని అడిగారు. మేం వెళ్ళేసరికి వాళ్ళు భోజనాలకి కూర్చోబోతున్నారు. ఇంకో రెండు విస్తళ్ళు వేశారు.