మీకు తెలుసా? వింటేజ్ బండి రోజూ తిరగడానికి కాదు!

వింటేజ్‌గా రిజిస్టరైన మోటార్‌సైకిల్ మీద రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు, హైదరాబాద్‌లో వెంగళరావు నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా అయినా సరే! 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటి పనుంటేనే దాన్ని రోడ్డెక్కించాలి.

వింటేజ్ గుర్తింపు రావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. తారు రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే డ్యూయల్ స్పోర్ట్ బళ్లకు ఇక్కడే చిక్కు. ఆ కోవలో పేరుమోసిన యమహా డీటీ-1 మార్కెట్లోకి వచ్చింది 1968లో. 246 సీసీ, టూ స్ట్రోక్, ఒకే సిలిండర్. రాళ్లు తగలకుండా సైలెన్సర్ పైకి లేపి ఉంటుంది. తొలినాటి బళ్లకు వయసు చాలు. కానీ స్పేర్లు దొరక్క ఎవరైనా వేరే ఇంజిన్ బిగించి ఉంటే ఆ గుర్తింపు దక్కడం కష్టం. కొనేవాళ్లు రంగు, క్రోమ్ మెరుపు చూసి మురిసిపోయే ముందు ఇంజిన్ మీద, ఛాసిస్ మీద కొట్టిన నంబర్లను ఆర్సీతో సరిచూసుకోవాలి. నా మటుకు, అవి కలవకపోతే ఎంత చవగ్గా వచ్చినా ఆ బండి వద్దంటాను.

కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తిరిగి చేయించడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. తెలంగాణలో అయితే ‘టీజీ వీఏ’. ఇప్పటికే పాత నంబరున్న బండికి మాత్రం అదే ఉంచుకోవచ్చు.