కెమెరా కోసం నాలుగడుగులు!

డాక్టర్‌ గారు రోజూ అరగంట నడవమన్నారు. మొదటి వారం ఉత్సాహంగా నడిచారు. రెండో వారం వానొచ్చిందనో, చుట్టాలొచ్చారనో రెండు రోజులు మానేశారు. మూడో వారానికి బూట్లు మంచం కిందికి చేరాయి. అవునా? ఇది మీ ఒక్కరి కథే కాదు. చాలామంది నడక మానేది కాళ్లు నొప్పెట్టి కాదు, విసుగొచ్చి. అదే వీధి, అదే మలుపు, అదే గ్రౌండు. ఆ విసుగుకు మందు మీ జేబులోనే ఉంది. అదే ఫోన్‌ కెమెరా! పిట్టనో, రైలునో, పొలం బాటనో ఫొటో తీయాలన్న చిన్న కోరిక ఉంటే చాలు. నడక దానంతటదే సాగుతుంది.

మన ఊళ్లో ఏముందని?
‘ఊటీలో అయితే తీయొచ్చు, మా ఊళ్లో ఏముంది?’ అనుకోకండి. కడప జిల్లానే తీసుకోండి. ప్రొద్దుటూరు పక్కనే పెన్న. నీరున్నప్పుడు ఒక అందం, ఇసుక తేలినప్పుడు మరో అందం. పొద్దున్నే బంగారు అంగళ్లు తెరవకముందు బజారు ఎలా ఉంటుందో ఎప్పుడైనా నిలబడి చూశారా? జమ్మలమడుగు వాసులకు ఒకవైపు మైలవరం జలాశయం, మరోవైపు గండికోట. నల్లరేగడి పొలాల్లో శనగ పంట, గట్ల వెంట నిలబెట్టిన నాపరాళ్లు. పులివెందుల వైపు వెళ్తే చీనీ తోటలు, అరటి గెలలు ఎత్తుతున్న లారీలు.

రైళ్లంటే ఇష్టమా? నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం 2016లో పూర్తిగా అందుబాటులోకి వచ్చాక జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల్లోనూ రైలు కూత వినిపిస్తోంది. పులివెందులకు రైలు లేకపోయినా, ముద్దనూరు వెళ్తే ముంబయి-చెన్నై మార్గంలో దూసుకుపోయే బండ్లు కనిపిస్తాయి.

ఇక పిట్టలకు కొదవేముంది? కరెంటు తీగల మీద పాలపిట్ట, ఏట్రింత. కాలువ గట్టున లకుముకిపిట్ట. తుమ్మకొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మామూలుగానే ఉంటుంది. ఎగిరినప్పుడే రెక్కల్లోని నీలం మెరుస్తుంది. ఆ క్షణం కోసం అయిదు నిమిషాలు కదలకుండా చూశారనుకోండి. ఆ అయిదు నిమిషాలూ అప్పు, ఆఫీసు, పిల్లల మార్కులు మీకు గుర్తురావు. అసలు మందు అదే.

పరిశోధనలేం చెబుతున్నాయి?
లండన్‌ కింగ్స్‌ కాలేజీ పరిశోధకులు 1,292 మందిని ఫోన్‌ యాప్‌ ద్వారా రోజుకు కొన్నిసార్లు పలకరించి, పిట్టలు కనిపించాయా, మనసెలా ఉందని అడిగారు. పిట్టల్ని చూసినప్పుడు, వాటి కూత విన్నప్పుడు మనసు మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ ప్రభావం ఎనిమిది గంటల వరకూ నిలిచింది. కుంగుబాటుతో బాధపడేవారిలోనూ ఇది కనిపించడం విశేషం. 2022లో వెలువడిన అధ్యయనమిది.

రోజుకొక ఫొటో తీసేవారిపై బ్రిటన్‌లోనే 2018లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఈ అలవాటుతో తమ గురించి తాము కాస్త శ్రద్ధ తీసుకోవడం, బయటికి వెళ్లడం, నలుగురితో మాటలు కలవడం పెరిగాయని అందులో తేలింది. ఉద్యోగ విరమణ చేసినవారికి, పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారికి ఈ మూడూ ఎంత అవసరమో వేరే చెప్పాలా?

అయితే ఓ మెలిక ఉంది. చూడటం మానేసి, టకటకా నొక్కుకుంటూ పోతే లాభం లేదు. అమెరికాలో ఓ మ్యూజియంలో చేసిన ప్రయోగంలో వస్తువుల్ని ఫొటో తీసినవారికి, ఊరికే చూసినవారికన్నా తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని దగ్గరగా, శ్రద్ధగా తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి ముందు కళ్లతో చూడండి. ఆ తర్వాతే కెమెరా.

మన కలివికోడి పాఠం
ఓపిగ్గా చూడటం విలువేంటో కడప జిల్లాకు బాగా తెలుసు. పొదల మాటున రాత్రిపూట తిరిగే కలివికోడి 1900 తర్వాత కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. పక్షి శాస్త్రవేత్త భరత్‌ భూషణ్‌ వెతుకులాటకు ఆ అడవిని ఎరిగిన స్థానికులే కళ్లయ్యారు. తర్వాతి ఏళ్లలో దాని జాడ కనిపెట్టేందుకు అడవిలో ఆటోమేటిక్‌ కెమెరాలు కూడా పెట్టారు. మీరు దాన్ని వెతుక్కుంటూ అభయారణ్యంలోకి వెళ్లక్కర్లేదు. రోజూ నడిచే దారిని రోజూ కొత్తగా చూస్తే చాలు.

ఇలా మొదలుపెట్టండి
* ఖరీదైన కెమెరా కొనొద్దు. మూడు నెలలు ఫోన్‌తోనే తీయండి. అలవాటు నిలిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.
* వారానికో అంశం పెట్టుకోండి. ఒక వారం పిట్టలు, ఒక వారం తలుపులు, ఒక వారం టీ అంగళ్లు.
* రోజుకు అయిదు ఫొటోలే. ఇంటికొచ్చాక ఒక్కటే ఉంచి, మిగతావి తీసేయండి.
* పదిహేను నిమిషాలు ఎక్కడా ఆగకుండా చురుగ్గా నడవండి. ఆ తర్వాతే ఫొటోలు. ఆగి ఆగి నడిస్తే గుండెకు తగినంత వ్యాయామం అందదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.
* మనుషుల్ని తీసేముందు అడగండి. గూళ్ల దగ్గరికి వెళ్లి గుడ్లమీది పిట్టను బెదరగొట్టకండి.
* లైకుల లెక్క చూసుకోవద్దు. ఆ లెక్క మొదలైతే తగ్గిన ఒత్తిడి తిరిగొస్తుంది.

షుగర్‌, బీపీ ఉంటే..
ఫొటోల ధ్యాసలో పడితే టైము తెలియదు. ఇన్సులిన్‌, లేదా కొన్ని రకాల షుగర్‌ మాత్రలు వాడేవారికి ఇదే ప్రమాదం. ఖాళీ కడుపుతో ఎక్కువసేపు తిరగొద్దు. జేబులో గ్లూకోజ్‌ గానీ చక్కెర గానీ ఉంచుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే కూర్చుని మూడు చెంచాలు నోట్లో వేసుకోండి.

పాదాల సంగతి మరీ ముఖ్యం. మన దారుల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవారికి ముల్లు దిగినా తెలియదు. అది పుండై, కాలి వేలు తీసేసే దాకా రావొచ్చు. చెప్పులు కాదు, మూసి ఉండే బూట్లు వేసుకోండి. ఇంటికొచ్చాక పాదాలను అడుగువైపు కూడా చూసుకోండి.

ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిలోపే ఇంటికి చేరండి. మంచినీళ్ల సీసా తప్పనిసరి. ఫొటోకైనా ఆ పొద్దుటి వెలుగే అందం.

ఫొటో కోసం ప్రాణం పణంగా పెట్టొద్దు
గండికోట లోయ అంచున వెనక్కి అడుగులేస్తూ సెల్ఫీలు తీయడం, పట్టాల మీద నిలబడి రైలును తీయడం.. రెండూ చావుతో చెలగాటమే. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ప్లాట్‌ఫాం టికెట్‌ తీసుకుని, పసుపు గీత వెనక నిలబడే తీయండి. సిబ్బంది వద్దంటే మానేయండి. డ్యాంల దగ్గర నిషేధం బోర్డులుంటే పాటించండి. కెమెరా వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని నేరుగా చూడొద్దు, కంటి రెటీనా దెబ్బతింటుంది. మసక చీకట్లో పొదల్లో చేతులు, కాళ్లు పెట్టొద్దు, పాములుంటాయి.

కెమెరా చెప్పే కబుర్లు
ఈ అలవాటుతో ఇంకో లాభం. ఒంట్లో మార్పులు ముందుగా బయటపడొచ్చు. మనవడికి కనిపిస్తున్న పిట్ట మీకు మసగ్గా ఉందా? సాయంత్రం రైలింజన్‌ దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయా? శుక్లమో, నీటికాసులో కావొచ్చు. కంటి డాక్టర్‌కు చూపించుకోండి. ఇదివరకు లేని చేతి వణుకుతో ఫొటోలు చెదిరిపోతుంటే అదీ చెప్పాల్సిన విషయమే. నిన్నటిదాకా ఎక్కిన మెట్టే ఇవాళ ఆయాసం తెప్పిస్తుంటే ఆలస్యం చేయొద్దు. ఛాతీలో బరువు, నొప్పి ఉంటే వెంటనే 108కి ఫోన్‌ చేయండి.

ఒక్క మాట. ఇది మందులకు బదులు కాదు, మందులకు తోడు. రెండు వారాలకు పైగా దిగులు వీడకపోతే, నిద్ర, ఆకలి తప్పితే, బతుకు మీద విరక్తి కలుగుతుంటే ఫొటోలతో సరిపెట్టుకోవద్దు. టెలి మానస్‌ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రేపు పొద్దున అలారం మోగాక ‘నడవాలా?’ అని అడుగుకోకండి. ‘నిన్న ఆ తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఇవాళా వచ్చిందా?’ అనుకోండి. మంచం కింది బూట్లు వాటంతటవే బయటికొస్తాయి.