242వ తీర్మానం - ఆంగ్ల పదజాల వివాదం

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1967 నవంబరు 22న ఏకగ్రీవంగా ఆమోదించిన 242వ తీర్మానం అరబ్ - ఇజ్రాయెల్ వివాదానికి సంబంధించిన పత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. తీర్మానం చాలా చిన్నది, ఒక పుటను మించదు. అయితే అందులోని ఒక వాక్యంలో ఆంగ్ల ఆర్టికల్ 'ది' లేకపోవడం వలన, ఇజ్రాయెల్ సేనలు ఆక్రమిత భూభాగాలన్నిటి నుండి వైదొలగాలా లేక కొన్నిటి నుండి వైదొలగితే చాలునా అనే వివాదం ఏర్పడినది. వివాదాస్పదమైన విషయాన్ని ఆంగ్లంలో వ్రాసేటప్పుడు పదాల ఎంపిక ఎంత దూరం ప్రభావం చూపగలదో తెలిపే ఉదాహరణగా దీనిని అంతర్జాతీయ న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుతుంటారు.

నేపథ్యం

1967 జూన్ 5 నుండి 10 వరకు జరిగిన ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్, ఈజిప్టు నుండి సినాయ్ ద్వీపకల్పాన్ని, ఈజిప్టు పాలనలో ఉన్న గాజాను, జోర్డాన్ అధీనంలో ఉన్న పశ్చిమ తీరాన్ని, తూర్పు జెరూసలేంను, సిరియా నుండి గోలన్ గుట్టలను ఆక్రమించినది. యుద్ధానికి పూర్వం ఉన్న హద్దులు కూడా పూర్తిగా స్థిరపడిన సరిహద్దులు కావు. అవి చాలావరకు 1949 నాటి యుద్ధ విరమణ ఒప్పందాలలో గీసిన రేఖలు. ఈ సంగతి తరువాతి వాదనలో ముఖ్యమైనది.

సమితి సర్వసభ్య సభ అత్యవసర సమావేశంలో లాటిన్ అమెరికా దేశాలు ప్రతిపాదించిన తీర్మానంలో 'ఆల్ ది టెరిటరీస్' (భూభాగాలన్నీ) అన్న మాట ఉన్నది. దానికి మూడింట రెండు వంతుల ఆధిక్యత లభించలేదు. నవంబరులో విషయం భద్రతా మండలి ముందుకు వచ్చినది. అప్పుడు మండలిలో సభ్యత్వం ఉన్న భారతదేశం, మాలి, నైజీరియాలతో కలసి ఒక ముసాయిదాను సమర్పించినది. అందులో కూడా 'ఆల్ ది టెరిటరీస్' అనే ఉన్నది. అమెరికా మరొక ముసాయిదాను, సోవియట్ యూనియన్ ఇంకొక ముసాయిదాను పెట్టాయి. సోవియట్ ముసాయిదా సేనలు జూన్ 5కు పూర్వపు స్థానాలకు వెళ్ళాలని కోరినది. ఈ మూడింటినీ ఓటింగుకు పట్టుబట్టలేదు. చివరకు బ్రిటన్ ప్రతినిధి లార్డ్ కారడన్ రూపొందించిన పాఠానికే పదిహేను మంది సభ్యులూ ఓటు వేశారు.

వివాదాస్పద వాక్యం

తీర్మానంలోని మొదటి అంశం ఇజ్రాయెల్ సాయుధ బలగాల ఉపసంహరణను గురించి చెప్పుతూ 'ఫ్రమ్ టెరిటరీస్ ఆక్యుపైడ్ ఇన్ ది రీసెంట్ కాన్‌ఫ్లిక్ట్' అని పేర్కొన్నది. 'టెరిటరీస్' ముందు 'ఆల్' లేదు, 'ది' కూడా లేదు. దాని పక్కనే ఉన్న రెండవ సూత్రం, ఆ ప్రాంతంలోని ప్రతి రాజ్యానికి 'సురక్షితమైన, గుర్తించబడిన సరిహద్దుల' లోపల శాంతితో జీవించే హక్కు ఉన్నదని చెప్పినది.

ఇజ్రాయెల్ వాదన ప్రకారం ఈ లోపం కావాలని చేసినది. 'ఆల్' అనే మాటతో ప్రతిపాదనలు వచ్చి నెగ్గలేకపోయాయి. ఆ మాట లేని పాఠం నెగ్గినది. కనుక లేని మాటను అర్థంలో మరల చేర్చరాదు. అంతేగాక సరిహద్దులు 'సురక్షితం' కావాలంటే పాత యుద్ధ విరమణ రేఖలను కొంత మార్చవలసి ఉంటుంది. ఓటింగు తరువాత విదేశాంగ మంత్రి అబ్బా ఎబాన్, తీర్మానం ఉద్దేశపూర్వకంగా చెప్పకుండా వదలిన దానిని చెప్పినట్లు భావించరాదని మండలిలోనే అన్నాడు. అప్పటి అమెరికా ప్రతినిధి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ కూడా 'ది', 'ఆల్' లేకపోవడం ప్రమాదవశాత్తు జరిగినది కాదని తరువాతి కాలంలో పలుమార్లు వివరించాడు.

అరబ్ దేశాలు, వారిని సమర్థించిన వారు దీనిని ఒప్పుకొనలేదు. తీర్మానపు పీఠికలో యుద్ధం ద్వారా భూభాగాన్ని సంపాదించడం అంగీకారయోగ్యం కాదని స్పష్టంగా ఉన్నది. ఏ వాక్యాన్నైనా ఈ పీఠిక వెలుగులో చదవాలి. ఇక వ్యాకరణానికి వస్తే, ఆంగ్లంలో ఆర్టికల్ లేని బహువచనానికి 'కొన్ని' అనే అర్థమే ఉండాలన్న నియమం లేదు. గ్రంథాలయంలో 'బుక్స్ బారోడ్ ఫ్రమ్ ది లైబ్రరీ మస్ట్ బి రిటర్న్‌డ్' అనే బోర్డును చూసి, తీసుకొన్న పుస్తకాలలో కొన్ని తిరిగి ఇస్తే చాలునని ఎవరూ అనుకోరు. అయితే 'ఫార్మర్స్ ఫ్రమ్ విలేజెస్ కేమ్' అన్నప్పుడు అన్ని గ్రామాల నుండి వచ్చారని కూడా ఎవరూ అనుకోరు. అంటే వ్యాకరణం ఒక్కటే ఈ తగవును తీర్చలేదు. రెండు పక్షాలూ వ్యాకరణాన్నే మొదట ఆశ్రయించడం మాత్రం విచిత్రం.

భారతదేశం వైఖరి

ఓటింగు జరిగిన సమావేశంలోనే భారత ప్రతినిధి జి. పార్థసారథి, ఈ తీర్మానం జూన్ 5న ప్రారంభమైన ఘర్షణలో ఆక్రమించిన భూభాగాలన్నిటి నుండి సంపూర్ణ ఉపసంహరణకు మండలిని కట్టుబడేటట్లు చేయునని తమ దేశం అర్థం చేసికొన్నట్లు ప్రకటించాడు. 'అన్నిటి' అన్న మాటను రెండు సార్లు పలికాడు. దీనికి కారడన్, ప్రతి ప్రతినిధి బృందానికీ తన అభిప్రాయం ఉండవచ్చునని, అందరినీ బంధించేది తీర్మానం మాత్రమేనని, దాని పదజాలం స్పష్టంగానే ఉన్నదని సమాధానమిచ్చాడు. స్పష్టంగా ఉన్నదన్న మాట నిజమైతే భారతదేశం ఆ వివరణ ఇవ్వవలసిన అవసరమే ఉండేది కాదు. అయితే ఆ అస్పష్టత లేనిచో పదిహేను ఓట్లు వచ్చి ఉండేవి కావన్నది కూడా అంతే నిజం.

ఫ్రెంచి పాఠం

ఫ్రెంచి పాఠంలో 'దే టెరిటువార్ ఒకుపే' అని ఉన్నది. ఇందులోని 'దే' అనేది 'నుండి' అనే అర్థమిచ్చే విభక్తి, నిశ్చయార్థక ఆర్టికల్ కలిసిపోగా ఏర్పడిన రూపం. కనుక ఫ్రెంచి చదువరికి 'ఆ ఆక్రమిత భూభాగాల నుండి' అనే అర్థమే ముందుగా తోచును. ఫ్రాన్సు ప్రతినిధి అర్మాన్ బెరార్, ఫ్రెంచి పాఠం ఆంగ్ల పాఠంతో సమానంగా ప్రామాణికమైనదని, అందులో సందేహానికి తావు లేదని మండలిలో చెప్పాడు. చర్చలు జరిగినది, బేరసారాలు సాగినది ఆంగ్ల పాఠం మీద కాబట్టి ఆంగ్లమే ముఖ్యమని ఇజ్రాయెల్ పక్షం సమాధానం. రష్యన్ భాషలో ఆర్టికల్ అనేదే లేదు కాబట్టి ఆ పాఠం ఈ విషయంలో ఎవరికీ ఉపయోగపడదు.

తెలుగులో అనువాద సమస్య

తెలుగులో కూడా ఆర్టికల్ లేదు. 'ఆక్రమించిన భూభాగాల నుండి' అని వ్రాస్తే ఆంగ్లంలోని రెండు రూపాలకూ అదే అనువాదం అవుతుంది. వివాదం దేని గురించో పాఠకునికి తెలియదు. 'అన్ని భూభాగాల నుండి' అంటే అరబ్ వాదనను, 'కొన్ని భూభాగాల నుండి' అంటే ఇజ్రాయెల్ వాదనను అంగీకరించినట్లు అవుతుంది. 'ఆ భూభాగాలు' అన్నప్పటికీ తెలుగు 'ఆ' దూరాన్ని సూచించే విశేషణమే గాని ఆంగ్ల 'ది' వంటిది కాదు. అందువలన తెలుగులో వ్రాసేవారు ఆంగ్ల పదబంధాన్ని తెలుగు లిపిలో ఇచ్చి, అక్కడ ఏమి లేదో వేరుగా చెప్పడం తప్ప మార్గం కనబడదు.

ఇతర పదాలు

ఆర్టికల్ మీద జరిగిన చర్చ వలన మరుగున పడిన మాటలు ఇంకొన్ని ఉన్నవి. తీర్మానంలో 'పాలస్తీనా' అన్న పేరు ఎక్కడా లేదు. 'శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం' అని మాత్రమే ఉన్నది, ఏ శరణార్థులో చెప్పలేదు. తమ జాతీయ హక్కుల ప్రశ్నను శరణార్థుల సమస్యగా కుదించినదన్న కారణంతో పాలస్తీనా విమోచన సంస్థ ఈ తీర్మానాన్ని చాలాకాలం తిరస్కరించి, 1988లో అంగీకరించినది. ఆర్టికల్ కన్నా ఈ మౌనమే పెద్దదని చెప్పవచ్చును.

తరువాతి చరిత్ర

1973 అక్టోబరు 22 నాటి 338వ తీర్మానం 242ను అన్ని భాగాలలోను అమలు చేయాలని కోరినది. 1979 ఈజిప్టు - ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్ 1982 ఏప్రిల్ 25 నాటికి సినాయ్ నుండి వైదొలగినది. విస్తీర్ణంలో 1967లో ఆక్రమించిన దానిలో అధిక భాగం సినాయే కావడం వలన, తీర్మానాన్ని తాము చాలావరకు నెరవేర్చినట్లేనని ఇజ్రాయెల్‌లో కొందరు వాదించారు. జోర్డాన్‌తో 1994లో ఒప్పందం కుదిరినది. 1993 ఓస్లో ప్రకటన కూడా 242, 338 తీర్మానాలనే ఆధారంగా పేర్కొన్నది.

భద్రతా మండలి తీర్మానాలను వ్యాఖ్యానించేటప్పుడు ఆమోద సమయంలో సభ్యులు చేసిన ప్రకటనలను, తదుపరి ఆచరణను కూడా చూడవచ్చునని అంతర్జాతీయ న్యాయస్థానం 2010లో కొసావో విషయమై ఇచ్చిన సలహాపూర్వక అభిప్రాయంలో పేర్కొన్నది. ఈ పద్ధతిని 242కు వర్తింపజేస్తే పార్థసారథి ప్రకటనకు, ఎబాన్ ప్రకటనకు రెండింటికీ విలువ ఉంటుంది. ఆక్రమిత పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగియాలని ఇదే న్యాయస్థానం 2024 జూలై 19న అభిప్రాయం ప్రకటించినది.