పసిబిడ్డ భోజనము – పెద్దల కర్తవ్యము



రెండేండ్ల మనుమడు కంచము ముందు కూర్చుండి నోరు తెఱవకున్నచో ఇంటిల్లిపాదికిని దిగులు పుట్టుట సహజము. ఒకరు బుజ్జగింతురు, ఒకరు బూచిని పిలుతురు, ఒకరు బలవంతముగా ముద్ద క్రుక్కుదురు. కడకు, “తల్లికి పెట్టుట చేతగాదు” అను నింద కోడలిపై పడును. చిరకాలము పసివారిచే అక్షరములు దిద్దించినవాడను గనుక, ఈ విషయమున నాకు తోచినదియు, నేటి వైద్యులు చెప్పుచున్నదియు మీకు మనవి చేసెదను.

ముందుగా ఒక చిన్న లెక్క. పుట్టినపుడు 3 కిలోల బరువుండు బిడ్డ ఏడాది నిండునాటికి సుమారు 9 కిలోలు తూగును. అనగా మొదటి యేట పెరిగినది 6 కిలోలు. రెండవ యేట పెరుగునదో, రెండు రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల మందగించినపుడు ఆకలియు తగ్గుట ప్రకృతిధర్మము. క్రొత్త పదార్థమును శంకించుటయు ఈ వయసునకు సహజమే. కావున ఆరోగ్యముగా నున్న బిడ్డ ఒక పూట తక్కువ తినినంత మాత్రమున తల్లిని నిందింప బనిలేదు.

క్లారా డేవిస్ అను అమెరికా వైద్యురాలు, అప్పుడే పాలు మాన్పిన శిశువుల ముందు పలువిధములగు సాదా ఆహారములుంచి, నచ్చినది నచ్చినంత తిననిచ్చెను. ఆ వృత్తాంతమును 1928లో ప్రకటించెను. ఒక పూట కొంచెము, ఒక పూట మిక్కిలి తినుచునే ఆ పిల్లలు చక్కగా పెరిగిరి. అయితే ఆమె ఉంచిన వానిలో పంచదారయు మిఠాయియు లేవు. ఈ మాట మఱువరాదు.

దీనినుండి తేలిన ధర్మమిది: ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను అనునది పెద్దల అధికారము, ఎంత తినవలెననునది బిడ్డ అధికారము. అన్నప్రాశన నాడు పుస్తకమును, బంగారమును ముందుంచి, బిడ్డ దేనిని పట్టునోయని మనమే వేడుకగా చూతుము గదా! ఆనాడిచ్చిన స్వేచ్ఛను మఱునాడే లాగికొనుట న్యాయమా?

ఇక మన వంతు చూతము. దినమునకు మూడు భోజనములు, నడుమ రెండు చిఱుతిండ్లు వేళకు పెట్టి, తక్కిన సమయమున మంచినీరు మాత్రమే ఈయవలెను. తాతగారు ముద్దుకొలది ఇచ్చు బిస్కత్తు, బెల్లపుముక్క అమ్మ పెట్టబోవు అన్నమునకు శత్రువులు. గేదెపాలు గాని ఆవుపాలు గాని దినమునకు అరలీటరు మించినచో ఆకలి చచ్చుటయే గాక, ఇనుము చాలక రక్తహీనత కలుగవచ్చును. తల్లిపాలు మాత్రము రెండేండ్లును, ఆపైనను, అన్నముతోపాటు ఈయవచ్చును. టీ బొత్తిగా పనికిరాదు.

క్రొత్త కూర విషయమున ఓపిక వలయును. ఓనమాలు ఒక్కనాట రాలేదని పలక పాఱవేయుదుమా? అటులే తోటకూరను నేడు ఉమిసినను, రెండు దినములాగి, తెలిసిన ముద్దపప్పన్నము ప్రక్కన చిటికెడంత మరల పెట్టవలెను. పది పదునైదు మాఱులకు గాని కొందఱు పిల్లలకు రుచి పట్టదు. మన పంక్తిలోనే కూర్చుండబెట్టి, ఆ కూరను మనము ఇష్టముగా తినుట కంటె మంచి పాఠము లేదు. తన చేతితో కెలుకుకొని తినినను కసరరాదు. అరగంటలో కంచము తీసివేయవలెను.

సెల్‌ఫోను చూపి తినిపించుట నేడు పెరిగినది. చందమామను చూచు బిడ్డ మరల తల్లి ముఖము చూచును. ఫోను చూచు బిడ్డకు తన కడుపు నిండినదియు తెలియదు.

రెండు హెచ్చరికలు. ఏడ్చుచున్న బిడ్డ నోట ముద్ద పెట్టరాదు. నాలుగైదేండ్లు నిండువఱకు వేరుసెనగ గింజలను గింజలుగా ఈయరాదు. గొంతునకు అడ్డుపడి ప్రాణాపాయము కలుగవచ్చును. బిడ్డ బరువు పెరుగక నిలిచినను, తగ్గినను, పాలిపోయినను, మాటిమాటికి వాంతులైనను వైద్యునకు చూపవలెను. బరువును అంగన్‌వాడీలో నెలనెల తూచి వ్రాయించుడు. ఆ పటము చెప్పు సాక్ష్యము ఇరుగుపొరుగువారి మాటకంటె నమ్మదగినది.

ఇంటి పెద్దలు వేళను కాపాడి, కోడలిని నిందింపక, బిడ్డ “చాలు” అనినపుడు చాలుననుకొనినచో, కంచము ముందు కన్నీరు సగము తగ్గును. ఆకలి తన పని తాను చేసికొనును. సెలవు.