ఖుబానీకి ఎండతోపాటు చలీ కావాలి!

పెళ్ళి విందుల్లో ఖుబానీ కా మీఠా వడ్డిస్తే వద్దనేవాళ్ళు అరుదు. మనం నానబెట్టి ఉడికించే ఆ ఎండుపండే ఆప్రికాట్. మామిడి, జామ, సపోటా ఇన్ని పండే మన నేలమీద ఇదెందుకు పండదో ఎప్పుడైనా ఆలోచించారా? మనకి ఎండకేం కొదవ లేదు. కొదవల్లా చలికే!

చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టిది. ఇంచుమించు 7 డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటలు గడిస్తేగాని దానికి సరిగ్గా మెలకువ రాదు. అందుకే లడాఖ్ లాంటి చలిసీమల్లో బాగా పండుతుంది. అక్కడ దీన్ని ‘చులి’ అంటారు.

లడాఖ్‌లో ఏప్రిల్‌లో ఆకుకన్నా ముందు పువ్వొస్తుంది. పూత తర్వాత మొదటి నెల, నెలన్నర వెచ్చగా ఉంటే పిందె గబగబా ఎదిగి పండు ముందే చేతికొస్తుంది. చల్లగా ఉంటే ఆలస్యమవుతుంది. వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు 2 డిగ్రీల వేడి తగ్గుతుంది. కనకనే లోయ ఊళ్ళలో జులైలో పండితే, ఎగువ ఊళ్ళవాళ్ళు ఆగస్టుదాకా ఎదురుచూడాలి.

ముందే పండితే మంచిదేగా అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. చలి తొందరగా పోతే పువ్వూ తొందరపడుతుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికి దిగిందంటే చాలు, పూత దెబ్బతినడం మొదలవుతుంది. పండేముందు ఎండ 39 డిగ్రీలు దాటినా ముప్పే. పైకి పండు నిగనిగలాడుతున్నా, లోపల టెంక చుట్టూ గుజ్జు గోధుమరంగుకు తిరిగి చితికిపోతుంది.

ఈ వేడి, చలి లెక్క ఆడవాళ్ళ పనిమీదే పడుతుంది. పండు విప్పి టెంక తీయడం, మిద్దెలమీదా బండలమీదా ఎండబెట్టడం, టెంక కొట్టి పప్పునుంచి నూనె తీయడం... లడాఖ్‌లో చాలావరకు వాళ్ళ చేతులమీదే జరుగుతాయి. ఎండ ముదిరితే పండ్లన్నీ ఒక్కసారే మీదపడతాయి. మన ఆవకాయ రోజుల హడావిడి గుర్తొస్తోంది కదూ! ఆవకాయ కాయైనా ఒకరోజు ఆగుతుందేమోగానీ, మెత్తబడ్డ ఈ పండు ఆగదు.

బజార్లో తాజా ఆప్రికాట్లు కనబడితే ఆకుపచ్చ ఛాయ పోయి పసుపెక్కినవే ఏరుకోండి. కాస్త గట్టిగా ఉంటే కాగితం సంచిలో వేసి ఒకటి రెండు రోజులు బయటే ఉంచండి. మెత్తబడ్డాక ఫ్రిజ్‌లో పెట్టండి. మరీ పచ్చివి మాత్రం కొనకండి. ఇంట్లో ఉంచితే అవి మెత్తబడతాయేగానీ తీపెక్కవు. ఆ తీపి చెట్టుమీద ఉండగా రావలసిందే.