కంటి వెనక మడుగు

జమ్ము పెరిగిన మడుగు పక్కన వెలసింది కాబట్టి ఆ ఊరు జమ్ములమడుగు అయిందనీ, అదే నోళ్ళలో నలిగి జమ్మలమడుగు అయిందనీ పెద్దలు చెబుతారు. మన పుర్రెలోనూ అలాంటి మడుగులు రెండున్నాయి. కళ్ళ వెనక, పిట్యుటరీ గ్రంథికి చెరోపక్క ఉంటాయి. డాక్టర్లు వీటిని కావర్నస్ సైనస్ అంటారు. కంటి నుంచి గుండెకు తిరిగిపోయే రక్తం చాలావరకు ఇక్కడ చేరి, నిదానంగా మెడలోని పెద్ద సిరలోకి దిగుతుంది.

మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమని సరిగ్గా ఈ మడుగు నడుమ నుంచే పోతుంది. ఒంట్లో ధమని ఇలా సిర కడుపులోంచి పోయే చోటు ఇంకొకటి లేదు. చెరువులో వేసిన పైపులైను అనుకోండి. హెల్మెట్ లేకుండా బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలితే ఒక్కోసారి ఆ పైపే చీలుతుంది. ఏ దెబ్బా తగలకుండా వచ్చే రకం ఇంకొకటుంది. మెదడును కప్పిన డ్యూరా పొరలోని సన్నసన్న ధమనులు మడుగులోకి తెరుచుకుంటాయి. ఇది ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎక్కువ.

గండికోట డ్యాంలో నీళ్ళు నింపితే వెనక్కి తన్ని కొండాపురం మండలం ఊళ్ళ మీదికి ఎక్కలేదూ? ఇక్కడా అదే జరుగుతుంది. ధమని రక్తం జోరుగా మడుగులోకి దూకడంతో కంటి సిర ఎదురు పారుతుంది. కన్ను ఎర్రబడి, ఉబ్బి, ముందుకు పొడుచుకొస్తుంది. కంటిని బయటి వైపు తిప్పే ఆరో నరం ఆ మడుగులోనే ఉంది కాబట్టి అది నలిగి ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలో బుస్సు బుస్సుమని చప్పుడు. కండ్లకలకనుకొని మెడికల్ షాపు చుక్కలతో వారాలు గడిపేవాళ్ళుంటారు. కండ్లకలకైతే పుసులు కడుతుంది, వారం రెండు వారాల్లో పోతుంది. ఇది పోదు. తెల్లగుడ్డు మీద రక్తనాళాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి.

1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ ఇలాంటి కంటికి మెడలో కెరోటిడ్‌నే కట్టేశాడు. 1974లో మాస్కో వైద్యుడు సెర్బినెంకో ధమని లోపలే వదిలేసే చిన్న బెలూన్ గురించి రాశాడు. చీలిన పైపుకు ధమని దారి బాగానే పనికొచ్చింది. డ్యూరా రకానికి అది చాలదు. రక్తం తెచ్చే వంకలు డజన్లు, వాటిలో కొన్ని నరాలను పోషించేవి. అన్నిటికీ ఎక్కడ అడ్డం కడతాం? మడుగు మాత్రం ఒక్కటే. దాన్నే పూడ్చాలి.

అందుకే డాక్టరు సిరల గుండా, రక్తానికి ఎదురీదుతూ వెళ్తాడు. తొడ మొదట్లో సిరలోకి సన్నటి గొట్టం. అక్కడి నుంచి గుండె కుడి గది దాటి మెడలోకి, పుర్రె అడుగున ఉన్న ఇన్ఫీరియర్ పెట్రోసల్ సైనస్ గుండా మడుగులోకి. ఇది దగ్గరి దారి. గడ్డకట్టి పూడిపోయి యాంజియోగ్రామ్‌లో కనిపించకపోయినా, తీగతో తడిమితే చాలాసార్లు దారిస్తుంది. ఇవ్వకపోతే ముఖం సిర పట్టుకొని, ముక్కు పక్కగా ఎక్కి, కంటి పై సిరలో దిగుతారు. ఎదురు పారిన రక్తానికి ఆ సిర ఎప్పుడో లావెక్కి ఉంటుంది. రోగమే బాట వెడల్పు చేసిందన్నమాట! అదీ కుదరకపోతే పైరెప్ప మడతలో చిన్న కోత పెట్టి, కంటి సర్జన్ సిరను బయటికి తీసి అందిస్తాడు.

మడుగు చేరాక ప్లాటినం తీగచుట్టలు గానీ, లోపల గట్టిపడే ఓనిక్స్ ద్రవం గానీ నింపుతారు. అసలు నేర్పంతా ఇక్కడే. కంటి వైపు, మెదడు వైపు మూతులు ముందు మూయాలి. వాటిని వదిలి మిగతావి మూస్తే వరదంతా అటే తన్నుతుంది. మరీ కూరితే ఆరో నరం నలుగుతుంది.

అందరికీ ఇంత అవసరం లేదు. పారుదల తక్కువైతే కొందరికి దానంతటదే మూసుకుంటుంది. కొందరికి మెడలో ధమనిని రోజూ కాసేపు నొక్కుకోమంటారు, అదీ ఎదుటి పక్క చేత్తో. మెదడుకు రక్తం తగ్గితే ఆ చెయ్యే సత్తువ తప్పి జారిపోతుంది, నొక్కు ఆగిపోతుంది. ఇది డాక్టరు చెప్పకుండా చేసే పని కాదు. చూపు తగ్గుతున్నా, రక్తం మెదడు సిరల్లోకి తన్నుతున్నా ఆగకూడదు. వేలూరు సీఎంసీకో బెంగళూరు నిమ్హాన్స్‌కో బండెక్కాల్సిందే.

నయమయ్యాక కన్ను తెల్లబడటానికి వారాలు, రెండుగా కనిపించడం పోవడానికి నెలలు పట్టొచ్చు. తలలో చప్పుడు మాత్రం చాలామందికి మత్తు దిగి లేచేసరికే ఉండదు.